క్వారీ దారిలో వెనక సీటు

ఆ క్వారీ దారికి మంచి పేరు లేదు.

ఇళ్ళు అయిపోయిన చోట తారురోడ్డు కూడా ఇక నావల్ల కాదన్నట్టు ఆగిపోతుంది. అక్కణ్ణుంచి కంకర దారి. ఒకప్పుడు రాళ్ళ లారీలు తిరిగిన దారే. క్వారీ మూతపడ్డాక రాయి తీసిన చోటల్లా గోతులు మిగిలాయి, గోతుల్లో వాననీళ్ళు నిలిచాయి. పగటిపూట చూస్తే బండలూ, ముళ్ళకంపా, లారీలు తూచే, తలుపు లేని కాటా గదీ తప్ప ఏమీ ఉండదు. భయపడ్డానికి ఏముందిక్కడ అనిపిస్తుంది.

చీకటి పడ్డాక మాత్రం ఎవరూ అలా అనరు.

నడిచి వెళ్ళినవాళ్ళని ఏమీ చెయ్యదట. కార్లో వెళ్ళినవాళ్ళ జోలికి రాదట. మోటార్ సైకిల్ మీద ఒంటరిగా వెళ్తే మాత్రం... వెనక సీటు బరువెక్కుతుందట.

తిరిగి చూడకూడదట.

ఎవరు ఆ కూర్చునేది అని అడిగితే ఒక్కొక్కరిదీ ఒక్కో కథ. రాళ్ళు పేల్చేటప్పుడు పోయిన కూలి మనిషి అని ఒకరు. మొగుడు వదిలేసి పోతే, ఎవరి బండి దొరికితే ఆ బండెక్కి వెతుక్కుంటోందని ఇంకొకరు. ఇవన్నీ పుకార్లే అనుకోండి. కానీ ఒక ట్రాక్టర్ డ్రైవర్ ఉన్నాడు. అతను తాగడు, అబద్ధం అల్లేంత ఓపికా లేదు. ఒక రాత్రి గోతుల మధ్య ఒక లైటు ఊగుతూ పోవడం చూశాడట. దాని వెంట ఆడగొంతు — "ఎడమకి... ఎడమకి..."

ఎడమవైపు నీళ్ళ గొయ్యి ఉందని అందరూ తేల్చేశారు. నిజంగా ఎటువైపుందో పోయి చూసినవాడు లేడు. ఆ గొంతు మాట విన్నవాడు తెల్లారేసరికి నీళ్ళలో తేలతాడని మాత్రం ఊరంతా చెప్పుకుంటుంది.

నేను చెప్పబోయేది మా బావ చెప్పగా విన్నది. ఆయన చెప్పేటప్పుడు నేను నవ్వాను. నవ్వుతూనే లేచి వెళ్ళి తలుపు గడియ వేసి వచ్చాను.

మా బావంటే మా అక్క మొగుడు. ఇన్సూరెన్స్ కంపెనీలకి సర్వేయరు. దెబ్బతిన్న బండి దగ్గర గొంతుక్కూర్చుని, అది ఎలా గుద్దుకుందో, అసలు గుద్దుకుందో లేదో తేల్చడం ఆయన పని. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం అంటారే... ఈయన లెక్కపెట్టి ఊరుకోడు, ఆ పేగులు నీవేనా అని కూడా అడుగుతాడు.

అలాంటి మనిషికి ఒక కోరిక పుట్టింది. డ్యూయల్ స్పోర్ట్ బండి కొనాలట. తారురోడ్డు మీదా పోతుంది, రోడ్డు లేనిచోటా పోతుంది. గుర్రమంత ఎత్తు సీటు, స్పోకుల చక్రాలు, పళ్ళున్న టైర్లు, ఇంజనుకి రాళ్ళు తగలకుండా అడుగున ఒక దళసరి రేకు. దాని మీద కొండలు దాటాలి, ఏటి ఒడ్డున గుడారం వేసుకోవాలి. ఒక్కడే కాదు... మా అక్కతో.

అక్కడుంది అసలు చిక్కు.

పెళ్ళయిన కొత్తలో బావ స్కూటర్ జారింది. వెనక కూర్చున్న అక్క పడింది, కాలు విరిగింది, లోపల రాడ్డు వేశారు. కాలు అతుక్కుంది కానీ అక్క మళ్ళీ ఆయన వెనక కూర్చోలేదు. బస్సులో వెళ్ళేది, లేదా నడిచేది. బావ ఒక్కసారి కూడా ఎక్కమని అడగలేదు. అడిగే మొహం లేక అడగలేదు. రోడ్డు మీద మొగుడూపెళ్ళాలు ఒక బండి మీద పోతుంటే ఈయన తల పక్కకి తిప్పుకోవడం నేను చూశాను. ఆ బాధ ఆయన ఎవరికీ చెప్పలేదు, చెప్పకపోయినా మాకు తెలుసు.

ఇన్నేళ్ళకి ధైర్యం చేసి అడిగాడు. అక్క అంది —

"సరే. కానీ పడ్డ బండి వద్దు. ఒక్కసారి కూడా పడని బండి తెస్తే ఎక్కుతాను."

కొత్తది కొనే తాహతు లేదు. ఒకరు వాడిన బండే కొనాలి. వాడినవాడు నిజం చెప్పాలి. మా బావ దాన్ని నమ్మాలి. మూడోది జరిగే పని కాదని ఇంట్లో అందరం అనుకున్నాం.

చూసిన ప్రతి బండికీ వంక పెట్టాడు. ఒకదానికి రంగు మరీ కొత్తగా ఉందన్నాడు, ఇంకొకదానికి రంగు మరీ పాతగా ఉందన్నాడు. అప్పుడు దొరికాడు బేకరీ ఆయన.

ఆయన ఇల్లు ఊరి చివర. ముందు వీధి, వెనక క్వారీ దారి. ఫోన్ చేస్తే గొంతు తగ్గించి మాట్లాడాడట.

"చీకటి పడ్డాక రండి."

"పగలు చూపించరా?"

"కుదరదండీ. వెనక గేటు నుంచి రండి... హారన్ కొట్టకండి."

ఇంకొకడైతే అక్కడితో మానేసేవాడు. మా బావ అందుకే వెళ్ళాడు.

వెనక గేటు లోపల రేకుల షెడ్డు. ఒకటే ట్యూబులైటు. దాని కింద బండి, తుడిచి పెట్టి ఉంది. పక్కన బేకరీ ఆయన, జుట్టులో మైదా, ఒంటి నుంచి బ్రెడ్డు వాసన. లైటు వెలుగు ఎంతవరకు పడిందో అంతవరకే తిరుగుతున్నాడు, ఆ గీత దాటి అడుగు వెయ్యడం లేదు. బావ గమనించాడు.

టార్చి తీసి బండి చుట్టూ తిరిగాడు. అన్నీ వాడి అరిగిన సామాన్లే — కుడి చేతికి రాళ్ళు తగలకుండా ఉండే గార్డు ఒక్కటి మాత్రం నిగనిగలాడుతోంది. హ్యాండిల్ కుడి చివర ఎవరో ఆకురాయి పెట్టి అరగదీశారు. అడుగు రేకు మడతలో నీలంగా రాతిపొడి. తుడిచినవాడికి అక్కడిదాకా చెయ్యి పట్టలేదు.

"పడిందా?" అన్నాడు బావ.

"లేదండీ."

ఆ మాట బావ మొహం చూసి చెప్పలేదు. భుజం పక్కన ఎవరో నిలబడ్డట్టు, అటు చూసి చెప్పాడు.

బావ వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు.

"ఎందుకు అమ్ముతున్నారు?"

"వాడటం లేదండీ."

టైరు పళ్ళ మధ్య మట్టి ఇంకా పచ్చిగా ఉంది. గోడకి రెండు మేకులు. ఒక మేకుకి పెద్ద హెల్మెట్, ఒక మేకుకి చిన్నది.

"ఆ చిన్నది ఎవరిది?"

"...ఎవరిదీ కాదండీ."

తన జాకెట్టు ఇచ్చాడు, పెద్ద హెల్మెట్ ఇచ్చాడు. వీధి వైపు చెయ్యి చూపించి, రోడ్డు మీద ఎంతసేపైనా తిప్పి చూడమన్నాడు. ఈలోపు ఇంట్లో రెండో తాళంచెవి వెతికి పెడతానన్నాడు.

"క్వారీ వైపు మాత్రం వద్దు."

"ఎందుకని? మీరూ రండి, చూపిద్దురు."

"చీకటి పడ్డాక నేను గేటు దాటనండీ."

గుసగుసగా అన్నాడు, ఇంట్లో ఎవరో వింటారన్నట్టు.

దెయ్యమంటే మా బావకి నమ్మకం లేదు. కానీ మనుషులంటే అసలే లేదు. బండి క్వారీలోనే పడింది, దాన్ని దాచడానికే ఇంత నాటకం అని తేల్చుకున్నాడు. సంఘటన జరిగిన చోటు చూడకుండా ఆయన ఏ కాగితం మీదా సంతకం పెట్టడు. వీధి వైపు పోతున్నట్టు పోయి, చుట్టు తిరిగి క్వారీ దారి పట్టాడు.

బండి బాగుంది. అదీ ఆయన బాధ. కంకర మీద వెన్నలా పోతోంది, గుంతల్ని తనే మింగేస్తోంది. అక్క వెనక కూర్చుంటే నడుముకి ఒక్క కుదుపు కూడా తెలియదు అనుకున్నాడు. ఈ దొంగ ఒక్క నిజం చెబితే ఏం పోయేది అనుకున్నాడు.

కాటా గది దాటాడు. లైటు వెలుగులో బండలు ముందుకొచ్చి వెనక్కి పోతున్నాయి. గాలి లేదు. కప్పలు కూడా అరవడం లేదు...

చెవి పక్కన 'టక్'మంది.

గొళ్ళెం తీసినట్టు చిన్న చప్పుడు. ఆ తర్వాత — ఊపిరి. తన ఊపిరి కాదు. తనది ఆపి చూశాడు. అది ఆగలేదు.

"ఏమండీ..."

ఆడగొంతు. తలకీ హెల్మెట్‌కీ మధ్య నుంచి.

"నన్ను వదిలేసి వచ్చేశారేం?"

బావ బ్రేకు మీద లేచి నిలబడ్డాడు. వెనక సీటు... చూడలేదు. అద్దంలో చూశాడు. అద్దంలో చీకటి. ఎవరది అందామనుకుంటే గాలి మాత్రమే బయటికొచ్చింది.

"ఎందుకలా ఆయాసపడుతున్నారు?"

తన ఊపిరి దానికి వినపడుతోంది. ఆ మాట చెప్పేటప్పుడు ఇప్పటికీ బావ చేతి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. నేనే చూశాను.

ఎలాగో బండి మలిపాడు. తిరుగు దారి.

"ఎడమకి..."

ట్రాక్టర్ డ్రైవర్ మాట గుర్తొచ్చింది. ఎడమకి తిప్పితే నీళ్ళలో తేలతాడు. ఓహో, అదా నీ ఎత్తు అనుకుని మా బావ పట్టుబట్టి కుడికి తిప్పాడు.

ముందు చక్రం కింద కంకర జారింది. రాళ్ళు దొర్లాయి. దొర్లి, కిందికి పోయి — ఎంతో సేపటికి బుడుంగుమని చప్పుడు.

గొయ్యి కుడివైపుంది.

"ఎడమకి అన్నానా లేదా!" ఆ గొంతు ఏడుస్తోంది. "ఎందుకండీ నా మాట వినరు..."

బావ ఇక ఎదురు చెప్పలేదు. ఎడమకి అంటే ఎడమకి. తిన్నగా అంటే తిన్నగా. మెల్లగా అంటే నడిచే మనిషి కంటే మెల్లగా. దెయ్యం చెప్పినట్టల్లా తిప్పుకుంటూ గోతులు దాటాడు, కాటా గది దాటాడు. క్వారీ మొదట్లో రెండు రాతిస్తంభాలుంటాయి, అక్కడికి చేరాడు.

సీటు ఎత్తు, కాలి మునివేళ్ళు తప్ప నేలకి అందవు. పడిపోతానని సైడ్ స్టాండు వేశాడు. ఊపిరి తీసుకుని, పోదామని గేరు వేశాడు. ఇంజను ఠక్కున చచ్చిపోయింది. లైటూ పోయింది. స్టార్టర్ నొక్కాడు. ఉలుకూ పలుకూ లేదు. మళ్ళీ నొక్కాడు... లేదు.

కరకర... కరకర...

కంకర మీద అడుగులు. స్తంభం వెనక నుంచి. పరిగెత్తుకుంటూ.

తిరిగి చూడకూడదు — అది ఒక్కటే గుర్తుంది. హ్యాండిల్ గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

వెనక స్ప్రింగు కుయ్యిమంది. బండి వెనక భాగం కిందికి దిగింది. రెండు చేతులు వచ్చి భుజాల మీద పడ్డాయి.

చెవిలో గొంతు — "స్టాండు తియ్యండి."

పైప్రాణాలు పైనే పోయినా బుద్ధి ఎక్కడికి పోతుంది? స్టాండు వేసి ఉండగా గేరు వేస్తే ఈ బండి ఇంజను ఆగిపోతుంది, కానీ దెయ్యానికి ఆ సంగతి ఎలా తెలుసు అని ఆ క్షణంలో కూడా మా బావకి అనుమానం వచ్చిందట. ఏమైతేనేం, తీశాడు. స్టార్టర్ నొక్కాడు. బండి బతికింది. లైటు వెలిగింది.

"పదండి. ఇంటికి పోదాం. దారి నేను చెప్తాను." చేతులు భుజాల్ని బిగించాయి. "మళ్ళీ పడాలనుందా మీకు?"

మళ్ళీ అంది. బావ విన్నాడు. పడ్డ బండే ఇది అనుకున్నాడు, కానీ సంతోషించే పరిస్థితిలో లేడు.

ఆ కాస్త దూరం ఆయన నడిపినట్టు జన్మలో ఎప్పుడూ నడపలేదట. వెనకున్నది దెయ్యమే కావచ్చు, కానీ పడేస్తే ఊరుకుంటుందా? గులకరాయి తగిలినా ఒళ్ళు జలదరించింది. ఆ భయం మధ్యలోనే ఇంకొకటి కూడా తెలిసింది — వెనక ఒక మనిషి బరువు పడి ఎన్నేళ్ళయిందో. భుజం మీద చెయ్యి ఎలా ఉంటుందో మర్చిపోయాడు. ఆ మాట చెప్పేటప్పుడు బావ గోడ వైపు చూశాడు.

"ఆపండి. ఇల్లొచ్చింది."

వచ్చింది బేకరీ ఆయన వెనక గేటు. షెడ్డులో ట్యూబులైటు కింద ఆయనే నిలబడి ఉన్నాడు. చేతిలో తాళంచెవి.

భుజాల మీద చేతులు బిగుసుకుపోయాయి. అవి మెల్లగా ఒకసారి బావ భుజాన్ని తడిమి చూశాయి. వెనకున్న తల షెడ్డులో నిలబడ్డ మనిషి వైపు తిరిగినట్టు తెలిసింది.

"మీరు... మీరక్కడుంటే..."

కేక. హెల్మెట్ లోపలా కేకే, బయటా కేకే. దాంతో బావ కూడా అరిచాడు. షెడ్డులో ఆయనకి ఏమీ కనపడకుండానే, వీళ్ళిద్దరూ అరుస్తున్నారు కదాని ఆయనా అరిచాడు. ముగ్గురిలో ఎవరికి ఎవరు దెయ్యమో కాసేపు తేలలేదు.

వెనక సీటు మీద నుంచి దిగిన మనిషి హెల్మెట్ పీకేసింది. నడివయసు ఆవిడ. మేకుకి ఉన్న ఆ చిన్న హెల్మెట్టే. నడుముకి దుకాణం ఏప్రాన్ అలాగే ఉంది.

"ఎవరయ్యా నువ్వు? మా ఆయన జాకెట్టేసుకుని... మా ఆయన బండి మీద..."

"కొనడానికొచ్చానమ్మా!" అన్నాడు బావ. అప్పటిదాకా పెగలని గొంతు అప్పుడు పెగిలింది.

ఆ మాట ఆవిడకి దెయ్యం కంటే ఎక్కువ తగిలింది. మొగుడి వైపు తిరిగింది.

"అమ్మేస్తున్నారా? నాకు చెప్పకుండా?"

బేకరీ ఆయన ఆవిడ గొంతు వినపడ్డ వైపు రెండడుగులు వేసి, లైటు వెలుగు దాటగానే స్టూలు తట్టుకుని తూలాడు. ఆవిడే వెళ్ళి చెయ్యి పట్టుకుంది. అప్పుడు అర్థమైంది మా బావకి.

"రేచీకటండీ నాకు," అన్నాడాయన. ఈసారి కూడా బావ భుజం పక్కకే చూస్తూ. "పొద్దు వాలిందంటే ఏమీ కనపడదు. పగలంతా దుకాణం. మాకు ఖాళీ దొరికేది చీకటి పడ్డాకే. ఈవిడ వెనక కూర్చుని ఎడమకి, కుడికి అని చెప్పేది... నేను తిప్పేవాణ్ణి. క్వారీలో అలాగే నేర్చుకున్నాం."

ఒకరి మాట ఒకరి చెవిలో పడేలా ఆ రెండు హెల్మెట్లలో మైకులు పెట్టించుకున్నారు; అంతకుముందు ఆవిడ అరిచి చెప్పేదట. ఊరంతా తలుపులేసుకుని వణికింది ఈవిడ గొంతుకే. ఇవాళ దుకాణం త్వరగా కట్టేసి వెనక గేటున వచ్చింది. షెడ్డులో బండి లేదు, క్వారీలో లైటు ఊగుతోంది. మొగుడే కళ్ళు కనపడకుండా పోయాడనుకుని, హెల్మెట్ నెత్తిన పెట్టుకుని పరుగెత్తింది. దూరంగా ఊగే లైటుని చూస్తూ, తనకి కంఠతా వచ్చిన దారి చెబుతూ పోయింది.

"అయితే పడింది," అన్నాడు బావ.

"పడింది," అంది ఆవిడ సూటిగా. "ఒక్కసారి. నేను లేకుండా ఒక్కరే పోయిన రోజు. నేను వెనకాల ఉండగా ఒక్కనాడు పడలేదు. మరి నేనుండగా అమ్మడమెందుకు?"

"నువ్వు వెనకుంటావనే అమ్మడం," అన్నాడు బేకరీ ఆయన. "ఆ రోజు బండి నా మీద పడింది. నువ్వుండి ఉంటే నీ మీద పడేది. అది తల్చుకుంటే నాకు నిద్ర పట్టడం లేదే..."

ఆవిడ షెడ్డులో ఆ స్టూలు మీదే కూర్చుని హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, అక్క పెట్టిన షరతు బావ నోట విని, మీ ఇంట్లో ఆవిణ్ణి అడిగి రేపు చెప్పండి, ఆవిడ సరేనంటే ఇచ్చేస్తాం అంది.

బావ ఇంటికొచ్చి ఇదంతా చెబుతుంటే నేనక్కడే ఉన్నాను. గార్డు మార్చేశారు, గీతలు అరగదీశారు, అక్కకి తెలిసే దారే లేదు. పడలేదు అని ఒక్క మాటనేస్తే సరిపోయేది. ఆ మాట అనలేకపోయాడు.

"పడ్డ బండేనే," అన్నాడు తల దించుకుని. "వద్దంటే మానేస్తాను."

అక్క మడమ పట్టుకుని కాలు నిమురుకుంటూ అంతా వింది. మొహం ఎర్రబడుతోంది. కోపమో ఏడుపో నాకు తెలియలేదు.

"ఆవిడ ఎడమకి అంటే ఎడమకి తిప్పారా?"

"తిప్పాను."

"మెల్లగా అంటే మెల్లగా పోయారా?"

"పోయాను. దెయ్యం కదా అని..."

"ఆ రోజు స్కూటర్ మీద గుంత, గుంత అని రెండుసార్లు అరిచాను నేను. గాలికి వినపడలేదన్నారు. ఇన్నేళ్ళూ అదే మాటన్నారు." "కట్టుకున్నదాని మాట వినపడదు, దెయ్యం మాటైతే వినపడుతుందా మీకు?"

ఆ రోజు వినపడిందో లేదో నాకు బావ మొహం చూస్తేనే తెలిసిపోయింది. అక్కకి ఎప్పుడో తెలుసు.

అక్క లేచి, కుంటుకుంటూ తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరక్కుండానే అంది —

"కొనండి. ఆ హెల్మెట్లు రెండూ కూడా అడిగి తీసుకోండి. ఈసారి వినపడలేదనడానికి వీల్లేదు."